స్టార్టప్‌కి పార్ట్‌నర్‌ని ఎలా ఎంచుకోవాలి? పటాన్‌చెరు బెల్ట్ నేర్పిన పాఠాలు, మా మూడు 33 శాతాల కథ

ఇరవై వేల ఫోన్ కొనాలంటే మనం వారం రోజులు రివ్యూలు చూస్తాం. ప్రాసెసర్ ఏది, గేమ్ ఆడితే వేడెక్కుతుందా, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు, సర్వీస్ సెంటర్ మన ఊళ్లో ఉందా, అన్నీ అడుగుతాం. నాలుగైదేళ్ల జీవితం పెట్టే స్టార్టప్‌కి పార్ట్‌నర్‌ని మాత్రం ఒక్క సాయంత్రంలో టీ తాగుతూ ఫిక్స్ చేసేస్తాం. నేనూ అదే చేశాను. 2022లో, ఇస్నాపూర్ చౌరస్తాలో ఒక టీ కొట్టు దగ్గర.

ఎప్పుడూ గ్యాడ్జెట్ల గురించి చదువుతుంటాం కదా, ఈసారి గ్యాడ్జెట్ తయారు చేయాలనుకునే వాళ్ల గురించి మాట్లాడుకుందాం. ఐడియా ఎలా రావాలి, ఫండింగ్ ఎలా తేవాలి అన్నది ఇక్కడ టాపిక్ కాదు. పక్కన ఎవరు ఉండాలి, ఎవరి పని ఏంటి, ఎవరైనా వెళ్లిపోతే ఏం జరగాలి అన్నదే టాపిక్.

ప్రొడక్ట్ బాగానే ఉంది, టీమే లేదు

మేం ముగ్గురం బీటెక్ క్లాస్‌మేట్స్‌మి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టునే ప్రొడక్ట్‌గా మార్చాలనుకున్నాం. ఈఎస్‌పీ32 బోర్డు, ఒక వైబ్రేషన్ సెన్సార్, వెనకాల మ్యాగ్నెట్ ఉన్న చిన్న డబ్బా. పంపు మోటార్‌కి అతికిస్తే చాలు, బేరింగ్ అరిగిపోయి వైబ్రేషన్ పెరగ్గానే ఫోన్‌కి అలర్ట్ వస్తుంది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు ఇన్ని ఫ్యాక్టరీలు, వాటిలో వేల మోటార్లు. మార్కెట్ మన ఇంటి ముందే ఉంది అనుకున్నాం.

ముగ్గురం తలా 60 వేలు వేసుకున్నాం. మొత్తం లక్షా 80 వేలు. వాటా ఎలా? "ఫ్రెండ్స్ మధ్య లెక్కలేంట్రా, తలా 33 శాతం" అనుకున్నాం. కాగితం లేదు, కంపెనీ రిజిస్ట్రేషన్ లేదు. ముగ్గురం కోడింగ్ వచ్చినవాళ్లమే. ముగ్గురిలో ఒక్కరం కూడా అంతకుముందు దేన్నీ అమ్మలేదు.

పాశమైలారంలో ఒక చిన్న యూనిట్ ఆరు పీసులు ట్రయల్‌కి తీసుకుంది. సాల్వెంట్లు వాడే ఏరియాలో ఫ్లేమ్‌ప్రూఫ్ సర్టిఫికెట్ లేని పరికరం పెట్టనివ్వరని మాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. అందుకే కూలింగ్ టవర్ పంపుల దగ్గర పెట్టాం. బిగించే రోజు అక్కడి మెయింటెనెన్స్ ఇన్‌చార్జి ఒక ప్రశ్న అడిగారు.

"తమ్మీ, రాత్రి రెండు గంటలకు ఇది మొత్తుకుంటే మీ ముగ్గురిల నేను ఎవలకు ఫోన్ చెయ్యాలె?"

"ఎవరికైనా చెయ్యండి సార్" అన్నాం. గర్వంగానే అన్నాం.

ఎనిమిదో నెలలో మాలో ఒకడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ఇంట్లో అప్పు ఉంది, వెళ్లాడు. తప్పు పట్టడానికి లేదు. వానాకాలం వచ్చాక కూలింగ్ టవర్ తేమకి సెన్సార్ కనెక్టర్లు తుప్పు పట్టాయి. రోజూ రాత్రి తప్పుడు అలర్టులు. తాత్కాలికంగా ఫర్మ్‌వేర్‌లో లిమిట్ మార్చి అప్‌డేట్ పంపాలి. ఆ సోర్స్ కోడ్ అతని సొంత అకౌంట్‌లో, అప్‌డేట్ పంపే కీ అతని పాత ల్యాప్‌టాప్‌లో. అతనికేమో కొత్త ఉద్యోగం, నైట్ షిఫ్ట్. నేనేమో "వాడు చూస్తాడులే" అనుకున్నా. మూడోవాడు "వీడు చూస్తాడులే" అనుకున్నాడు. తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు వెళ్తే ఆరు డబ్బాలూ ఒక అట్టపెట్టెలో పెట్టి గేటు దగ్గర సెక్యూరిటీకి ఇచ్చేసి ఉంచారు.

పోయింది కోడ్ వల్ల కాదు. "ఎవలకు ఫోన్ చెయ్యాలె" అన్నదానికి మా దగ్గర జవాబు లేకపోవడం వల్ల.

ఇదే బెల్ట్‌లో పార్ట్‌నర్‌షిప్‌లు ఎలా నడిచాయి?

ఆ తర్వాత నేను చేసిన పని, ఈ ఏరియాలో నిలబడిన కంపెనీలు ఎలా మొదలయ్యాయో చదవడం. మనం స్టార్టప్ అనగానే సిలికాన్ వ్యాలీ అంటాం కానీ, మన బస్సు రోజూ వెళ్లే రోడ్డు మీదే కావాల్సినన్ని కేస్ స్టడీలు ఉన్నాయి.

డాక్టర్ కల్లం అంజిరెడ్డినే తీసుకోండి. 1969 నుంచి 1975 వరకు ప్రభుత్వ రంగ ఐడీపీఎల్‌లో ఉద్యోగం. తర్వాత 1976 నుంచి 1980 వరకు యూనిలాయిడ్స్, 1980 నుంచి 1984 వరకు స్టాండర్డ్ ఆర్గానిక్స్, రెండింటికీ వ్యవస్థాపక మేనేజింగ్ డైరెక్టర్. ఆ రెండూ దాటి వచ్చాకే 1984లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ పెట్టారు. అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లా బొల్లారంలో బల్క్ డ్రగ్స్ తయారీ మొదలైంది. అంటే మనకు తెలిసిన ఆ పెద్ద కంపెనీ ఆయనకు మూడోది.

అదే 1984లో మురళి దివి అమెరికా నుంచి తిరిగొచ్చి, అంజిరెడ్డితో కలిసి కెమినార్‌లో పనిచేశారు. ఆరేళ్ల తర్వాత బయటికొచ్చి 1990లో సొంతంగా మొదలుపెట్టిందే నేటి దివీస్ ల్యాబొరేటరీస్. కెమినార్ తర్వాత 2000లో డాక్టర్ రెడ్డీస్‌లో కలిసిపోయింది. హెటెరో పెట్టిన బి. పార్థసారథి రెడ్డి కూడా డాక్టర్ రెడ్డీస్ నుంచి బయటికొచ్చినవారే, 1993లో.

ఇందులో మనకు పనికొచ్చే విషయం ఒకటే. పార్ట్‌నర్లు, సీనియర్లు విడిపోవడం అనేది వింత కాదు, మామూలుగా జరిగేదే. విడిపోయినా రెండు వైపులా కంపెనీ నిలబడేలా ఉండటమే అసలు పరీక్ష. "మేం ఎప్పటికీ విడిపోం" అనే నమ్మకం మీద కంపెనీ కట్టకూడదు.

ఇంకో మోడల్ అరబిందో ఫార్మా. 1986లో పి.వి. రాంప్రసాద్ రెడ్డి, కె. నిత్యానంద రెడ్డి కలిసి పెట్టారు. ఒకరు కామర్స్ చదివినవారు, ఇంకొకరు సైన్స్ చదివినవారు. మొదటి యూనిట్ పాండిచ్చేరిలో పెట్టారు, తర్వాత మన పాశమైలారం, బొల్లారం వైపు యూనిట్లు వచ్చాయి. మందు తయారు చేయడం ఒక చదువు, దాన్ని అమ్మి డబ్బు తిప్పడం ఇంకో చదువు. మా ముగ్గురిలో ఉన్నది ఒకే చదువు, మూడు కాపీలు.

పార్ట్‌నర్‌లో చూడాల్సిన మూడు

*ఒకటి: నీకు రాని పని అతనికి రావాలి.* షియోమీ కథ మనందరికీ తెలిసిందే. లీ జున్‌ది సాఫ్ట్‌వేర్ బ్యాక్‌గ్రౌండ్. 2010లో ఫోన్ కంపెనీ పెట్టేటప్పుడు గూగుల్ నుంచి లిన్ బిన్‌ని, మోటరోలాలో హార్డ్‌వేర్ చేసిన జౌ గ్వాంగ్‌పింగ్‌ని, ఇండస్ట్రియల్ డిజైన్ వైపు లియు డెని తెచ్చుకున్నారు. మొదటి ఫోన్ 2011లో వచ్చింది. ఒక కాగితం తీసుకొని నీ ప్రొడక్ట్ కస్టమర్ చేతికి చేరి, డబ్బు వెనక్కి వచ్చేదాకా ఉన్న పనులన్నీ రాయి. నీకు రానివి గుర్తు పెట్టు. పార్ట్‌నర్ అక్కడి నుంచి రావాలి.

*రెండు: ఇద్దరూ కలిసి ఇంతకుముందు ఏదో ఒక పని చేసి ఉండాలి.* కలిసి సినిమాకి వెళ్లడం, హాస్టల్‌లో ఒకే రూమ్‌లో ఉండటం లెక్కలోకి రాదు. స్కైరూట్ ఏరోస్పేస్ పెట్టిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా ఇద్దరూ ఇస్రోలో పనిచేసి వచ్చినవాళ్లే. ఒకరిది రాకెట్ వాహనాల పని, ఇంకొకరిది ఫ్లైట్ కంప్యూటర్ల పని. 2018లో హైదరాబాద్‌లో కంపెనీ పెట్టారు, 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగిరింది. గడువు దగ్గర పడ్డప్పుడు ఎదుటివాడు ఎలా ఉంటాడో తెలుసుకోవాలంటే, గడువు ఉన్న పని కలిసి చేయడం తప్ప వేరే దారి లేదు.

*మూడు: ఇంటి పరిస్థితి ఓపెన్‌గా మాట్లాడుకోవాలి.* ఇది అడగడానికి మనకు మొహమాటం. ఎడ్యుకేషన్ లోన్ ఉందా? జీతం లేకుండా ఎన్ని నెలలు ఉండగలవు? అమెరికాలో మాస్టర్స్ ప్లాన్ ఉందా? పెళ్లి సంబంధాలు చూస్తున్నారా? మా ఫ్రెండ్ ఇంట్లో అప్పు సంగతి మేం అతను వెళ్లే వారం ముందు విన్నాం. మొదటి రోజే తెలిసి ఉంటే అతన్ని వద్దనుకునేవాళ్లం కాదు. పార్ట్ టైమ్‌గా, తక్కువ వాటాతో, కోడ్ మాత్రం అందరి దగ్గరా ఉండేలా పెట్టుకునేవాళ్లం.

వాటా లెక్క: సమానం అంటే న్యాయం అనుకోకండి

సమాన వాటా తప్పు కాదు. మొదటి రోజే మొత్తం వాటా చేతికి ఇచ్చేయడం తప్పు. దీనికి ఉన్న మందు వెస్టింగ్. అంటే పని చేసిన కాలాన్ని బట్టి వాటా ఖాయమవుతుంది. మామూలుగా నాలుగేళ్లు, అందులో మొదటి ఏడాది క్లిఫ్. ఏడాది నిండకుండా వెళ్తే వాటా సున్నా.

లెక్క చూద్దాం. ముగ్గురికి తలా 30 శాతం, తర్వాత చేరే ఉద్యోగుల కోసం 10 శాతం పక్కన. ఒకరు 8వ నెలలో వెళ్తే సున్నా. 18వ నెలలో వెళ్తే 30ని 48తో భాగించి 18తో గుణిస్తే 11.25 శాతం. మిగిలిన 18.75 శాతం కంపెనీకి వెనక్కి వస్తుంది. మా పద్ధతిలో అయితే? 8 నెలలు పనిచేసిన మనిషికి నోటి మాట ప్రకారం ఇప్పటికీ 33 శాతం. ఒక ఇంక్యుబేటర్‌లో మాట్లాడటానికి వెళ్తే వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న అదే: "మూడో వంతు ఉన్న ఆయన ఎక్కడ?"

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. కంపెనీల చట్టం, 2013 ప్రకారం మామూలు తీర్మానానికి సగం కంటే ఎక్కువ ఓట్లు కావాలి. కంపెనీ పేరు మార్చడం, నియమావళి మార్చడం లాంటి ముఖ్యమైన వాటికి ప్రత్యేక తీర్మానం, అంటే పోలైన ఓట్లలో కనీసం 75 శాతం కావాలి. కాబట్టి 33 శాతం ఉన్నవారు పని మానేసి ఎక్కడో కూర్చున్నా, వద్దని ఓటేస్తే ప్రత్యేక తీర్మానం ఆగిపోతుంది. ఇద్దరే ఉండి చెరి 50 అయితే మామూలు తీర్మానం కూడా ముందుకు వెళ్లదు. ఇద్దరూ అటూ ఇటూ లాగితే ఎవరి మాట చెల్లాలో ముందే రాసుకోవాలి. ఉదాహరణకు టెక్నికల్ విషయం అయితే ఒకరిది, డబ్బు విషయం అయితే ఇంకొకరిది ఫైనల్ మాట.

కాగితం మీద తప్పకుండా ఉండాల్సినవి

"ఇంకా కంపెనీయే లేదు, కాగితం ఎందుకు?" అని మీరు అనొచ్చు. మేమూ అదే అన్నాం. కానీ లాభం పంచుకుందామని కలిసి వ్యాపారం చేస్తే చట్టం దృష్టిలో అది భాగస్వామ్యమే. భారత భాగస్వామ్య చట్టం, 1932 ప్రకారం ఒప్పందం లేకపోతే లాభనష్టాలు సమానం. అప్పులకు ప్రతి పార్ట్‌నర్ సొంత ఆస్తితో సహా బాధ్యుడు. పైగా సంస్థ రిజిస్టర్ కాకపోతే రావాల్సిన బిల్లు కోసం కోర్టులో దావా కూడా వేయలేం.

యాపిల్ మూడో పార్ట్‌నర్ రొనాల్డ్ వేన్ 1976 ఏప్రిల్‌లో తన 10 శాతాన్ని 12 రోజులకే 800 డాలర్లకు వదులుకున్నాడని మనం జోక్‌లా చెప్పుకుంటాం. ఆయన భయం వెనక కారణం ఇదే. మొదటి ఆర్డర్ కోసం సరుకు అప్పు మీద తెస్తున్నారు, అది భాగస్వామ్య సంస్థ. డబ్బు రాకపోతే ముగ్గురూ బాధ్యులే, కానీ ఆస్తి అంటూ ఉన్నది ఆయనకే. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ గానీ ఎల్ఎల్‌పీ గానీ అయితే మామూలుగా ఈ భయం పెట్టిన పెట్టుబడికే పరిమితం.

ఫౌండర్ల ఒప్పందంలో కనీసం ఇవి ఉండాలి:

- ఎవరి పని ఏంటి, వారానికి ఎన్ని గంటలు, ఎప్పటి నుంచి ఫుల్ టైమ్.
- వాటా, వెస్టింగ్, మధ్యలో వెళ్తే మిగిలిన వాటా ఎవరికి, ఏ ధరకు.
- కోడ్, డిజైన్లు, డొమైన్ పేరు, అకౌంట్లు అన్నీ కంపెనీవే అని రాతపూర్వక బదిలీ. మన కాపీరైట్ చట్టంలో ఈ బదిలీ రాతలోనే ఉండాలి, నోటి మాట చాలదు. ఉద్యోగం చేస్తూ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రాసిన కోడ్ అయితే ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్ చదువుకోండి.
- బ్యాంక్ ఖాతాకి ఎవరి సంతకాలు, ఎంత మొత్తం దాటితే ఇద్దరివీ కావాలి.
- వెళ్లేవాళ్లు ఎన్ని రోజులు ముందు చెప్పాలి, ఏమేం అప్పగించాలి.

రెండు చిన్న విషయాలు. "వెళ్లాక ఇదే ఫీల్డ్‌లో పనిచేయకూడదు" అని రాసుకుంటే సరిపోతుందనుకోకండి. భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 వల్ల అలాంటి షరతులు మామూలుగా చెల్లవు. అలాగే ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు కావాలి, వారిలో కనీసం ఒకరు ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇండియాలో ఉండాలి. ఇద్దరికీ ఎంఎస్ ప్లాన్ ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. ఒప్పందం ఇంటర్నెట్ టెంప్లేట్ నుంచి కాపీ కొట్టకుండా, మీకు దగ్గర్లో ఉన్న సీఏనో కంపెనీ సెక్రటరీనో కలిసి రాయించుకోండి.

లీడర్‌షిప్ టీమ్: టైటిల్ కాదు, ఫోన్ నంబర్

ముగ్గురం ఉన్నప్పుడే మా లింక్డిన్‌లో సీఈఓ, సీటీఓ, సీఓఓ అని పెట్టుకున్నాం. ఆ మూడు టైటిల్స్‌లో రాత్రి రెండు గంటల ఫోన్ ఎవరిదో లేదు. హార్డ్‌వేర్ స్టార్టప్‌కి మొదట్లో నాలుగు బాధ్యతలు ఉంటాయి: ప్రొడక్ట్, తయారీ-క్వాలిటీ, అమ్మకం-సర్వీస్, డబ్బు-అనుమతులు. ఇద్దరే ఉంటే తలా రెండు తీసుకోండి. కానీ ఒక బాధ్యతకు ఒక్క పేరే ఉండాలి. పవర్ బ్యాంక్, అడాప్టర్ లాంటివి అమ్మాలంటే బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ ఫైల్ కూడా ఎవరో ఒకరి పేరు మీద ఉండాలి.

క్వాలిటీ మనిషికి సరుకు ఆపే అధికారం కూడా ఉండాలి. సంగారెడ్డి పక్కన కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో పుట్టిన ప్యూర్ ఈవీ మన ఏరియా గర్వపడే స్టార్టప్. అక్కడి అధ్యాపకుడు నిశాంత్ దొంగరి, కంపెనీ నడిపించే రోహిత్ వడేరా కలిసి నిర్మించారు. ల్యాబ్ ఒకరిది, బిజినెస్ ఒకరిది, మంచి జోడీ. 2022 ఏప్రిల్‌లో, బ్యాటరీ మంటల ఘటనల తర్వాత ఆ కంపెనీ 2,000 స్కూటర్లను వెనక్కి పిలిచింది. అలాంటి రోజు ఏ హార్డ్‌వేర్ కంపెనీకైనా రావచ్చు. ఆ రోజు నిర్ణయం ఎవరిది, సంతకం ఎవరిది, కస్టమర్‌తో మాట్లాడేది ఎవరు అన్నది ఆ రోజు కూర్చొని ఆలోచించే విషయం కాదు.

పెద్దయ్యాక కూడా ఈ ప్రశ్న పోదు. డాక్టర్ రెడ్డీస్‌లో 2001 నుంచి సీఈఓగా ఉన్నది అంజిరెడ్డి అల్లుడు జి.వి. ప్రసాద్. 2019 ఆగస్టులో ఆ బాధ్యత కుటుంబం బయటి మనిషి ఎరెజ్ ఇజ్రాయెలీకి వెళ్లింది. ఆయన్ని నేరుగా తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టలేదు. 2018లో సీఓఓగా చేరి, పని చేసి చూపించాకే సీఈఓ అయ్యారు. చిన్న టీమ్‌కి కూడా ఇదే పద్ధతి. మొదట పని ఇవ్వండి, తర్వాత టైటిల్.

90 రోజుల ట్రయల్ రన్

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూనే మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పార్ట్‌నర్ నా క్లాస్‌మేట్ కాదు. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలకు పంపులు, విడిభాగాలు సప్లై చేసే ఒక అన్న. ఆయనకు కోడింగ్ రాదు, నాకు అమ్మడం రాదు. పేరు, లోగో, లింక్డిన్ ఏమీ లేకుండా 90 రోజులు కలిసి పనిచేద్దామని అనుకున్నాం. ఆ 90 రోజుల్లో మూడు పనులు పెట్టుకున్నాం:

1. ఒక నిజమైన కస్టమర్‌కి, నిజమైన గడువుతో ఒక చిన్న పని పూర్తి చేయడం.
2. చిన్న మొత్తమైనా ఇద్దరి డబ్బు పెట్టి, పైసా పైసా లెక్క రాయడం.
3. కనీసం ఒక్కసారైనా గట్టిగా విభేదించి, తర్వాత ఎలా కలిశామో చూసుకోవడం.

మూడోది మేం ప్లాన్ చేయక్కర్లేకుండానే రెండో వారంలో జరిగింది. డబ్బా రేటు మీద. ఆయన మాటే కరెక్టని ఆర్డర్ వచ్చాక తెలిసింది. నేనైతే సగం రేటుకు ఇచ్చేసేవాణ్ని.

బెంగళూరులో ఉన్న ఫ్రెండ్‌తో ఇప్పటికీ మాట్లాడుతూనే ఉంటాను. పాత కోడ్ వాడుకోవడానికి రాతపూర్వకంగా ఇమ్మని అడిగితే అదే వారం సంతకం పెట్టి పంపాడు. "ఇది అప్పుడే అడగాల్సింది కదరా" అన్నాడు. నిజమే, అరగంట పని. మొహమాటానికి దాటేశాం, మొత్తం పోయింది.

మీరు ఇప్పుడు ఫ్రెండ్స్‌తో ఏదైనా మొదలుపెట్టి ఉంటే ఈ ఆదివారం కూర్చొని మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి. రాత్రి రెండు గంటలకు కస్టమర్ ఎవరికి ఫోన్ చేయాలి? రేపు నేను వెళ్లిపోతే నా వాటా, నా కోడ్ ఏమవుతాయి? మన ఇద్దరికీ రాని పని ఏది, అది ఎవరు చేస్తారు? మూడింటికీ ఒక్కో పేరు, ఒక్కో వాక్యం వస్తే ముందుకు వెళ్లండి. రాకపోతే రిజిస్ట్రేషన్ ఫీజు కట్టకముందే ఆగి, ముందు అది తేల్చుకోండి.